గైడ్‌కి మెయిల్, హెచ్‌ఆర్‌కి ఫోన్: పని చేతకాక కాదు, మనుషులంటే జంకుతో ఆగిపోతోంది

డ్రాఫ్ట్స్‌లో_ఉంది (ప్రశ్న)

ఎం.టెక్ చివరి సెమిస్టర్. కోడ్ రాయమంటే ఆరు గంటలు కుర్చీలోంచి లేవకుండా రాయడంలో ఇబ్బంది లేదు. నాలుగు లైన్ల మెయిల్ మాత్రం మూడు వారాలుగా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. ఇంకో మనిషితో ముడిపడిన పని ఏదైనా ఇంతే. ఇప్పుడు ఆగిపోయి ఉన్నవి ఇవి:

గైడ్ సర్ థీసిస్ రెండో చాప్టర్ అడిగారు. గడువు దాటి 22 రోజులు. ముప్పావు వంతు రాయడం అయింది. పంపలేదు, ఎందుకు పంపలేదో చెప్పలేదు. ఆయన రెండుసార్లు "స్టేటస్?" అని మెయిల్ పెట్టారు, వాటికీ జవాబు లేదు.

ఇంటర్వ్యూ ఇచ్చిన కంపెనీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి ఫలితం కనుక్కోవాలి. నంబరు ఉంది.

మామయ్య స్నేహితుడొకాయన రెజ్యూమె పంపమని వాట్సాప్ చేశారు. నీలం టిక్కులు పడి 9 రోజులు.

బ్యాంకు కేవైసీ. ఆన్‌లైన్‌లో కుదరట్లేదు, బ్రాంచికి వెళ్లి ఫారం ఇవ్వాలి.

25 నిమిషాల టైమరు, పనుల జాబితా యాప్, సోషల్ మీడియా బ్లాకరు అన్నీ వాడా. ఒంటరిగా చేసుకునే పనులకు బాగా పనిచేశాయి, వీటికి కాలేదు. ఇంట్లో దీన్ని బద్ధకం అంటున్నారు. అడగాలనుకున్నవి: టైమర్లు వీటికి ఎందుకు పనిచేయవు? ఇప్పటికే ఆలస్యమైపోయిన చోట మొదటి మాట ఎలా మొదలుపెట్టాలి? ఫోన్ అంటే గుండె దడ, దానికేం చేయాలి? డాక్టరు దాకా వెళ్లాల్సిన విషయమేనా ఇది? ఓదార్పు వద్దండి, పద్ధతి చెప్పండి.

---

గట్టుమీద_చింతచెట్టు (క్లినికల్ సైకాలజీ)

టైమరు ఎందుకు పనిచేయదో ముందు చెప్తాను, మిగతాదంతా అందులోంచే వస్తుంది.

పని విసుగ్గా ఉన్నప్పుడు, లేదా కొండంత కనిపించి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు టైమరు పనిచేస్తుంది. మీ మెయిల్ విసుగు పనీ కాదు, కొండంత పనీ కాదు. నాలుగు నిమిషాల పని. మీరు తప్పించుకుంటున్నది మెయిల్ రాయడాన్ని కాదు, అది చదివేటప్పుడు గైడ్ ముఖం ఎలా మారుతుందో అన్న ఊహని. 25 నిమిషాలు టైమరు పెట్టుకుని కూర్చుంటే 25 నిమిషాలు ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నట్టు. ఇంకా బరువెక్కుతుంది.

డ్రాఫ్ట్ మూసేసి "రేపు చూద్దాం" అనుకున్న క్షణాన ఒళ్లు తేలికపడుతుంది కదా, ఆ తేలికే వాయిదాకి దొరుకుతున్న కూలి. కూలి చేతికొచ్చిన పని మళ్లీ చేయాలనిపిస్తుంది. వాయిదా అనేది కాలాన్ని సరిగ్గా పంచుకోలేకపోవడం కంటే అప్పటికప్పుడు మనసుని కుదుటపరచుకునే ప్రయత్నమని సిరోయిస్, పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2013లో వాదించారు. మొహమాటం, జంకు వల్ల వచ్చే వాయిదాకి ఈ మాట అచ్చంగా సరిపోతుంది. బద్ధకం ఉన్నవాడు పని మానేసి హాయిగా ఉంటాడు. మీరు పని మానేసి కూడా రోజంతా దాని గురించే ఆలోచిస్తున్నారు. ఇంట్లోవాళ్లకి ఈ తేడా కనపడదు, ఎందుకంటే బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

దీనికి వడ్డీ కూడా ఉంది. మొదటి రోజు మెయిల్‌లో చెప్పాల్సింది ఒక్కటే: చాప్టర్. ఏడో రోజుకి చాప్టరు, ఆలస్యానికి క్షమాపణ. 22వ రోజుకి చాప్టరు, ఆలస్యం, రెండు మెయిళ్లకి జవాబివ్వకపోవడం, కారణం. పని పెరగలేదు, సంజాయిషీ పెరిగింది. వెనకటికి ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. దయ్యం అది చదువుకుని వెళ్లిపోయేదట, మర్నాడు మళ్లీ వచ్చేదట. మీ పనుల జాబితా యాప్‌లో జరుగుతున్నదీ అదే, కాకపోతే ఇక్కడ దయ్యం రోజుకో అంగుళం ఎత్తు పెరిగి వస్తోంది.

ఇక చేయాల్సింది. ఒక కాగితం తీసుకుని ఆగిన ప్రతి పనికీ ఎదురుగా 0 నుంచి 100 లోపు భయం అంకె వేయండి. 0 అంటే నిమ్మళం, 100 అంటే ఊహించగలిగినంత భయం. జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడి కాలం నుంచి చికిత్సలో వాడుతున్న కొలతే ఇది. మీ జాబితా బహుశా ఇలా వస్తుంది: బ్యాంకు కౌంటరు 35, వాట్సాప్ జవాబు 45, హెచ్‌ఆర్ ఫోన్ 65, గైడ్‌కి మెయిల్ 80, గైడ్ గదికి వెళ్లి మాట్లాడటం 90. మామూలుగా 40 దగ్గర మొదలుపెట్టమంటాం. 20 అంకె పనితో మొదలుపెడితే నేర్చుకునేదేమీ ఉండదు, 90తో మొదలుపెడితే మధ్యలో పారిపోయే ప్రమాదం. అయితే మెట్లు వరసగానే ఎక్కాలన్న రూలేమీ లేదు. గడువు తరుముతున్న గైడ్ మెయిల్‌ని రెండో రోజుకే తెచ్చేయండి.

ప్రతి పనికీ ముందు చీటీ మీద మూడు ముక్కలు రాయాలి. ఏం జరుగుతుందని భయం? అది జరుగుతుందని నూటికి ఎంత నమ్మకం? జరిగిందో లేదో ఏం చూసి తెలుసుకుంటాను? ఎక్కువమంది చెడగొట్టుకునేది ఈ మూడో దాంట్లోనే. "సర్‌కి నా మీద చులకన భావం వస్తుంది" అని రాస్తే దాన్ని ఎవరూ తేల్చలేరు, భయం అలాగే మిగిలిపోతుంది. "48 గంటల్లోపు నన్ను తిడుతూ మెయిల్ పెడతారు" అనో, "ఇక నిన్ను గైడ్ చేయనంటారు" అనో రాస్తే తేల్చవచ్చు. పని అయ్యాక అదే చీటీ వెనక: నిజంగా ఏం జరిగింది? ఒకవేళ తిట్టారే అనుకుందాం, ఆ తర్వాత గంటకి నేనేం చేస్తున్నాను? రెండో ప్రశ్న వదలొద్దు. గైడ్లు అప్పుడప్పుడూ నిజంగానే తిడతారు. మనం పరీక్షిస్తున్నది "ఎవరూ ఏమీ అనరు" అన్న మాటని కాదు, "అంటే తట్టుకోలేను" అన్న మాటని.

చివరిగా, "ఈ వారంలో పంపుతా" అన్నది నిర్ణయం కాదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరంగా రాసిన పద్ధతి ఒకటుంది: ఎప్పుడు, ఎక్కడ, ఏది జరగగానే ఏం చేస్తాను అని ముందే ముడివేసుకోవడం. "రేపు 10:15కి ల్యాబ్‌లో ల్యాప్‌టాప్ తెరవగానే, బ్రౌజరులో వేరే ఏదీ తెరవకముందే డ్రాఫ్ట్ తెరిచి, ఒక్కసారి చదివి, సెండ్ నొక్కుతా." ధైర్యం వచ్చాక చేద్దామని మాత్రం ఆగకండి. ఈ జబ్బులో ధైర్యం పని తర్వాతే వస్తుంది.

---

వైవా_బెంచీ

నేను బల్లకి అవతలి వైపు, అంటే థీసిస్‌లు దిద్దే వైపు. మెయిల్ సంగతి వరకు చెప్తాను.

గైడ్‌కి ఆలస్యం కొత్త కాదు. నిశ్శబ్దమే ఇబ్బంది. ప్రోగ్రెస్ ఫారం మీద సంతకం పెట్టాలి, రివ్యూ కమిటీ అడిగితే ఏదో ఒకటి చెప్పాలి, విద్యార్థి ఎక్కడున్నాడో తెలియదు. "స్టేటస్?" అన్న ఒక్క మాటకి అర్థం అదే, అందులో కోపం వెతక్కండి. ముప్పావు వంతు అయిన చాప్టర్ ఆయన చేతిలో ఉంటే ఆయన పని సగం తీరినట్టే.

ఇంగ్లిష్‌లో రాసినా వరస ఇదే ఉంచండి:

> విషయం: రెండో చాప్టర్ డ్రాఫ్ట్, ఒక ప్రశ్న
>
> సర్, నమస్కారం.
> రెండో చాప్టర్ గడువుకి ఇవ్వలేకపోయాను, మీ రెండు మెయిళ్లకీ జవాబు ఇవ్వలేదు. క్షమించండి.
> ఇప్పటివరకు అయినది జతచేశాను. 2.1 నుంచి 2.3 వరకు పూర్తి, 2.4 పాయింట్ల రూపంలో ఉంది.
> 2.4ని వచ్చే గురువారం సాయంత్రం 5 లోపు పంపుతాను.
> 2.3లోని పోలిక పట్టికని ఇక్కడే ఉంచాలా, ఫలితాల చాప్టర్‌కి మార్చాలా?
> ఈ వారం పది నిమిషాలు కలవడానికి వీలవుతుందా? బుధవారం 11కి గానీ శుక్రవారం 3కి గానీ రాగలను.

క్షమాపణ ఒక్క పేరాలో, రెండు ముక్కల్లో అయిపోయింది చూడండి. మూడు పేరాల క్షమాపణ రాస్తే చదివేవాడు చాప్టర్ సంగతి వదిలేసి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. చాలామంది ఆ ఇబ్బందితోనే జవాబు ఆపేస్తారు, మీరేమో దాన్ని కోపం అనుకుంటారు.

జ్వరం వచ్చింది, ఊళ్లో పెళ్లి అని రాయకండి. అబద్ధాన్ని పోషించాలి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగినప్పుడల్లా ఇంకో అబద్ధం కావాలి, దాంతో ఆయన ఎదుటపడటం ఇంకా కష్టమవుతుంది. కారణం అసలు రాయకపోయినా తప్పులేదు. అడిగితే "ఆలస్యమయ్యాక మీకు చెప్పడానికి జంకాను సర్" అంటే చాలు.

కొత్త గడువు విషయంలో చాలామంది బోల్తా పడతారు. తప్పు చేశానన్న భావంతో "రేపే ఇస్తాను సర్" అని రాసేసి, మళ్లీ తప్పి, రెండోసారి మాయమవుతారు. మొదటి ఆలస్యాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు, రెండోసారి మాయమవడాన్ని గుర్తుపెట్టుకుంటారు. మీ లెక్కలో రెండు రోజులైతే నాలుగు రాయండి.

జతచేసిన ఫైలులో రాయాల్సిన చోట పసుపు రంగులో "ఇక్కడ రెండు పేరాలు రావాలి" అని గుర్తు పెట్టండి. అసంపూర్తి అని మీకు తెలుసన్న సంగతి అవతలివాళ్లకి తెలిస్తే తప్పుపట్టడానికి మిగిలేది తక్కువ.

జీమెయిల్‌లో పంపింది వెనక్కి తీసుకునే వ్యవధి సెట్టింగుల్లో 5, 10, 20, 30 సెకన్లలో ఏదైనా పెట్టుకోవచ్చు. మీలాంటివాళ్లు 5కి తగ్గించుకోవడం మంచిది. 30 సెకన్లలో మనసు మారడానికి బోలెడు సమయం.

ఆయన్నుంచి "ఓకే. మీట్ ఆన్ వెడ్నెస్‌డే" అని మాత్రమే వస్తే దాని అర్థం సరే, బుధవారం రమ్మని. రోజుకి అరవై మెయిళ్లు చూసేవాడు ఫోన్‌లోంచి కొట్టే జవాబు అలాగే ఉంటుంది.

మామయ్య స్నేహితుడికి ఇంకా చిన్నది: "నమస్తే అంకుల్, జవాబు ఆలస్యమైంది, సారీ. రెజ్యూమె పంపుతున్నాను. బ్యాకెండ్ ఉద్యోగాలు చూస్తున్నాను. ఏ టీముకి పంపుతారో చెబితే దానికి తగ్గట్టు మార్చి ఇస్తాను." పీడీఎఫ్‌గా, ఫైలు పేరులో మీ పేరుతో. ‘ఫైనల్_2_కొత్తది’ అన్న పేరుతో వచ్చిన రెజ్యూమె ముందుకి పంపాలంటే ఆయనే పేరు మార్చుకోవాలి.

---

చార్మినార్_చౌరస్తా

తమ్మీ, ఫోన్ ముచ్చట నేను చెప్త. హెచ్‌ఆర్ సీటుకెళ్లి చూస్తే ఎట్లుంటదో తెలిస్తే సగం భయం పోతది.

ఆమె ముందట ఒక షీటు ఉంటది, గండ్ల నీ పేరు ఒక వరుస. నీ గొంతు వణికిందా లేదా ఆ షీట్ల రాసే గడి లేదు. ఆమెకు కావాల్సింది మూడే: ఎవరు, ఏ పోస్టు, ఏం కావాలె. అవి మొదటి పది సెకన్లల చెప్పినోడు మంచిగ మాట్లాడిండనుకుంటది.

చిట్టీ మీద గా మూడు ముక్కలే రాసుకో. "నమస్తే మేడమ్, నా పేరు ఫలానా. పోయిన నెల 12న బ్యాకెండ్ పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చిన. రిజల్ట్ ఎప్పటికల్లా వస్తదో కనుక్కుందామని చేసిన." గంతే, ఆగు. "డిస్టర్బ్ చేసిన్నా మేడమ్, బిజీగున్నరా మేడమ్, ఏమనుకోకండి మేడమ్" అని అర నిమిషం గుంజితే ఆమెకే పరేషాన్, అసలు సంగతి ఎప్పుడొస్తదని.

నువ్వు చెప్పినంక లైన్ల ఐదారు సెకన్లు సప్పుడు ఉండది. గా టైమ్‌ల ఆమె షీటు ఓపెన్ చేస్తున్నది. చానామంది గప్పుడే ఆగమై "పర్లేదు మేడమ్, తర్వాత చేస్తా" అని పెట్టేస్తరు. మనసుల పది అంకెలు లెక్కపెట్టుకో, నోరు మెదపకు.

"చెప్తం లెండి" అన్నదనుకో, "ఏ రోజు దాంక చూడమంటరు మేడమ్?" అని ఒక్కటి అడుగు. తారీఖు చేతికొస్తే మళ్ల ఫోన్ చేసెటందుకు నీకు హక్కొచ్చినట్టు, మొహమాటం ఉండది.

టైమ్: పొద్దున 11 నుంచి 12:30, పగటీలి 3 నుంచి 4:30. సోమవారం పొద్దుగాల, శుక్రవారం సాయంత్రం వద్దు. ఎత్తకపోతే నాలుగుసార్లు కొట్టకు. ఒక మెసేజ్ పెట్టు, తెల్లారి ఇంకోసారి చెయ్యి. ఎత్తలేదంటే మీటింగ్‌ల ఉన్నదని, నీ నంబర్ చూసి కట్ చేసిందని కాదు.

ఫోన్ అలవాటు కావాలంటే చిన్నగ ఐదు రోజులు చెయ్యి. రోజుకు మూడు ఫోన్లు, ఒక్కోటి నిమిషం లోపు: మెడికల్ షాపుకు "ఎంత వరకు తెరిచుంటరు?", పుస్తకాల దుకాణానికి "ఫలానా బుక్కు ఉన్నదా?", జిరాక్స్ సెంటర్‌కు "స్పైరల్ బైండింగ్ ఎంత?" నిలబడి మాట్లాడు, గొంతు మంచిగ వస్తది. స్క్రిప్టు మాత్రం ప్రతిసారి ముంగట పెట్టుకో, ధైర్యంగ ఉంటది.

---

డ్రాఫ్ట్స్‌లో_ఉంది

వాట్సాప్ జవాబు పెట్టేశా. గైడ్ మెయిల్ రేపు 10:15కి. రెండు సందేహాలు. స్క్రిప్టు ప్రతిసారీ చూసి చదివితే ఎప్పటికీ దాని మీదే ఆధారపడిపోమా? ఇంకోటి, పంపాక రాత్రంతా పంపిన మెసేజే మళ్లీ మళ్లీ తెరిచి చదవడం. దీనికేం చేయాలి?

---

గట్టుమీద_చింతచెట్టు

చౌరస్తా గారి ఫోన్ పాఠం అక్షరాలా పాటించండి, ఆఖరి వాక్యం తప్ప. స్క్రిప్టు ప్రతిసారీ ఉండకూడదు.

ఎందుకంటే పని సజావుగా జరిగినప్పుడు ఆ మంచి పేరు మీకు రాదు, చీటీకి వెళ్తుంది. "చీటీ ఉంది కాబట్టి బతికిపోయా" అని మనసు రాసుకుంటుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు 1995లో ఇచ్చిన నమూనాలో వీటిని భద్రతా ప్రవర్తనలు అన్నారు: భయపడ్డది జరక్కుండా ఉండటానికి చేసే చిన్న చిన్న జాగ్రత్తలు. అవి భయాన్ని తగ్గిస్తున్నట్టే ఉండి దాన్ని కాపాడతాయి. కాబట్టి మొదటి మూడు ఫోన్లకి పూర్తి వాక్యాలు, తర్వాతి మూడింటికి మూడు మాటలు, ఏడో ఫోన్ నుంచి ఖాళీ చేతులు. అందులో ఒకసారి కావాలనే తడబడండి. "ఒక్క నిమిషం, ఏదో అడగాలనుకున్నా, మర్చిపోయా" అనండి. తడబడితే ఏమవుతుందో తెలియాలంటే తడబడటమే దారి.

వాయిదా వేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనపడే జాగ్రత్తలు ఇంకొన్ని. మెయిల్‌ని స్నేహితుడికి చూపించి "బాగుందా?" అని నాలుగుసార్లు అడగడం. ఈమధ్య కొత్తది, ఏఐకి ఇచ్చి "ఇంకొంచెం మర్యాదగా రాయి" అని పదిసార్లు తిప్పించడం. మెయిల్ మెరుగవుతుందేమో గానీ అది పంపడానికి మీరు పనికిరారన్న నమ్మకం గట్టిపడుతుంది. ఒక లెక్క పెట్టుకోండి: మామూలు మెయిల్‌కి రాయడం 12 నిమిషాలు, చదువుకోవడం రెండుసార్లు, ఇంకొకరికి చూపించడం సున్నా. ఫోన్‌కి ముందు కాఫీ కూడా వద్దు. కాఫీ తెచ్చిన దడకీ భయం తెచ్చిన దడకీ తేడా తెలియదు.

పంపాక తిరగదోడటం వేరే సంగతి, దానికి తలపోత అని పేరు పెట్టుకోండి. జరిగినదాన్ని మళ్లీ మళ్లీ నెమరేసేటప్పుడు మనం అవతలి మనిషి ముఖాన్ని గుర్తుచేసుకోం, మనం ఎలా కనపడి ఉంటామో ఊహించుకుంటాం. ఆ ఊహ ప్రతిసారీ ఇంకాస్త వికారంగా తయారవుతుంది. అందుకే రాత్రి 11కి చదివినప్పుడు ఉదయం లేని తప్పులు కనిపిస్తాయి. చీటీ వెనక రెండు లైన్లు రాశాక ఆ మెసేజ్‌ని ఆర్కైవ్‌లో పెట్టేయండి, జవాబు వచ్చేదాకా తెరవొద్దు. చూడాలన్న కోరిక ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసుకోండి చాలు. దాన్ని అణచక్కర్లేదు, ఆ కోరికకి పని ఇవ్వకుండా ఉంటే చాలు.

ఎదుటివాళ్లు మనల్ని ఎంత గమనిస్తారన్న దాని మీద 2000లో గిలోవిచ్ అనే మనస్తత్వవేత్త, మరో ఇద్దరు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు వేసి విద్యార్థులని ఒక్కొక్కరిగా జనం ఉన్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వాళ్ల అంచనా. నిజంగా గమనించింది సుమారు పావు వంతు. పావు వంతు గమనించారన్నది కూడా గుర్తుంచుకోండి. "నిన్నెవరూ చూడరు" అని ధైర్యం చెప్పేవాళ్లు ఈ పావు వంతుని వదిలేస్తారు.

---

ఓపీ_చీటీ (సైకియాట్రీ)

డాక్టరు ప్రశ్న మిగిలిపోయింది, అది నేను తీసుకుంటా.

ముందు మీది నిజంగా జంకేనా అని చూసుకోవాలి. మనుషులతో ముడిపడ్డ పనులే ఆగి, ఒంటరి పనులు నడుస్తుంటే జంకు వైపు మొగ్గు. ఒంటరి పనులు కూడా చిన్నప్పటి నుంచీ సగంలో ఆగిపోతుంటే, వస్తువులు పోగొట్టుకోవడం, గడువు నెత్తిమీదకొస్తే గానీ కదలలేకపోవడం ఉంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉందేమో చూడాలి. ఇష్టమైన పనులు కూడా రుచించకుండా, నిద్ర, ఆకలి మారి రెండు వారాలు దాటితే డిప్రెషన్ చూడాలి. రెండు మూడు కలిసి ఉండటం మామూలే, జంకు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో డిప్రెషన్ తోడవ్వడం తరచూ చూస్తాం. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే పైన చెప్పిన చీటీలు, మెట్లు పక్కనపెట్టి ఇవాళే ఎవరికైనా చెప్పండి.

ఈ జంకు సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అనే జబ్బు స్థాయికి చేరిందనడానికి, మానసిక జబ్బులని గుర్తించడానికి డాక్టర్లు వాడే 2013 నాటి పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం భయం, తప్పించుకోవడం మామూలుగా ఆరు నెలలో ఆపైనో ఉండాలి, చదువునో ఉద్యోగాన్నో దెబ్బతీయాలి. స్పిన్ అనే 17 ప్రశ్నల పత్రం ఉంది, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 68. 19 దాటితే నిపుణులకి చూపించుకోవడం మంచిదని వాడుక. పత్రం రోగం తేల్చదు, దారి చూపిస్తుంది.

చికిత్సలో ముందు వరసలో ఉన్నది ఈ జంకు కోసమే తయారైన సీబీటీ, అంటే ఆలోచననీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స. వారానికొకటి చొప్పున సుమారు నాలుగు నెలలు. "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అని గంట మాట్లాడి పంపిస్తే అది సీబీటీ కాదు. ఇంటికి చేయాల్సిన పని ఇస్తున్నారా, సెషన్‌లోనే ఫోన్ చేయించడం లాంటివి చేయిస్తున్నారా అని చూడండి. క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అడగడంలో మొహమాటపడకండి. (ఈ సమస్య ఉన్నవాళ్లకి ఆ మాట చెప్పడం ఎంత తేలికో చూడండి!)

మందులు కావాల్సి వస్తే మొదట ఆలోచించేవి ఎస్‌సిటాలోప్రామ్, సెర్‌ట్రలిన్. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. మొదటి వారం పది రోజులు వికారం, కాస్త కంగారు పెరగడం ఉండొచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. పూర్తి ఫలితం తేలడానికి 10 నుంచి 12 వారాలు పట్టొచ్చు, డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్‌ని స్నేహితుడి దగ్గర తీసుకుని వైవా ముందు వేసుకునేవాళ్లున్నారు. ఉబ్బసం ఉన్నవాళ్లకి అది ప్రమాదం. కంగారు తగ్గించే అల్ప్రాజొలామ్ అనే మాత్ర అప్పటికప్పుడు హాయినిస్తుంది, అలవాటూ అవుతుంది. పైగా దాన్ని వేసుకుని చేసిన ఫోన్ నుంచి నేర్చుకునేది తక్కువ, చింతచెట్టు గారు చీటీ గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి? ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడమే భయమైనవాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ నిజానికి సులువు. ఉదయాన్నే వెళ్లి, చీటీ రాయించుకుని, వరసలో కూర్చోవడమే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, మిగతా చోట్ల ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల సైకియాట్రీ విభాగం. ఆధార్, పాత మందుల చీటీలు ఉంటే పట్టుకెళ్లండి. డాక్టరు ముందు మాట పెగలదనుకుంటే ఒక్క పేజీ రాసుకెళ్లి చేతికివ్వండి: ఏయే పనులు ఆగాయి, ఎన్నాళ్లుగా, ఏం నష్టం జరిగింది. ఇక్కడ మీరు పెట్టిన ప్రశ్నే ప్రింట్ తీసుకెళ్లినా సరిపోతుంది. వాయిస్ కాల్ చేయగలిగితే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఆరోగ్య బీమా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా సంస్థలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బుల చికిత్సకీ బీమా సౌకర్యం కల్పించాలి. కాకపోతే చాలా పాలసీల్లో ఓపీ ఖర్చే రాదు, పాలసీ కాగితం చూసుకోండి.

---

డ్రాఫ్ట్స్‌లో_ఉంది

చాలా థాంక్సండీ అందరికీ. ఆఖరిగా ఒకటి: గైడ్ మెయిల్‌లో కో-గైడ్ మేడమ్‌ని సీసీలో పెట్టాలా? ఆవిడ కొంచెం మెత్తగా మాట్లాడతారు.

---

వైవా_బెంచీ

ఆయన పంపిన రెండు "స్టేటస్?" మెయిళ్లలో ఆవిడ ఉన్నారా? ఉంటే అదే మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టండి. లేకపోతే వద్దు. ఆవిడ మెత్తగా ఉంటారు కాబట్టి పెట్టడమంటే మధ్యలో ఒక మనిషిని అడ్డం పెట్టుకోవడమే, ఆయనకీ అది తెలుస్తుంది. కొత్త మెయిల్ కూడా మొదలుపెట్టకండి, ఆయన రెండో మెయిల్ కిందే జవాబివ్వండి. పాత సంభాషణ ఆయనకి వెతుక్కోకుండా కనపడుతుంది. ముందు చాప్టర్ ఫైలు జతచేసి, తర్వాత రాయడం మొదలుపెట్టండి. ఫైలు మర్చిపోయి పంపితే రెండో మెయిల్ పెట్టాలి, దాన్ని మళ్లీ మూడు వారాలు డ్రాఫ్ట్స్‌లో ఉంచుతారేమో.